ఆదివారం రాని జబ్బు

2023 జూన్ నెలాఖరు. నెల్లూరు నుంచి మైపాడు పోయే రోడ్డు పక్కన, ఒక డాక్టరు గారి చిన్న క్లినిక్‌లో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. రెండు గదులు, నాలుగు మంచాలు, ముందు రేకుల వరండా. సముద్రం వైపు నుంచి వచ్చే ఆటోలు మా గేటు ముందే మలుపు తిరుగుతాయి. చేపల తట్టల వాసన ముందు వచ్చి, మనుషులు తర్వాత వస్తారు. ఈ పనిలోకి వచ్చి ఇరవై రెండేళ్లయింది. చాలా కేసులు మరిచిపోయాను. చెంగమ్మ కేసు మాత్రం మరిచిపోలేను, ఎందుకంటే అందులో నేను దేవుని పేరు మీద ఒక పొరపాటు చేశాను.

మా నాన్న పల్లెల్లో వాక్యం చెప్పే ఉపదేశి. నాకు అక్షరాలు వచ్చిందే లేఖనాల మీద వేలు పెట్టి చదవడంతో. ఇప్పటికీ ఆదివారం సండే స్కూల్ పిల్లలకు పాఠం చెబుతాను. రోజూ డ్యూటీకి పోయే ముందు, ఆ పూట నా చేతికి వచ్చే రోగుల కోసం మోకాళ్ల మీద ప్రార్థన చేస్తాను. ఇంజెక్షన్ ట్రే సర్దుకోవడం ఎంత అవసరమో నాకు అదీ అంతే.

చెంగమ్మది మైపాడు దగ్గర ఒక పాలెం. ముప్పై ఎనిమిదేళ్లు. భర్త బోటు మీద వేటకు పోతాడు. ఈమె చేపల తట్టతో ఆటో ఎక్కి నెల్లూరు వీధుల్లో అమ్ముకొస్తుంది. మా దగ్గరికి వచ్చేనాటికి మొహం ఉబ్బి, గొంతు బొంగురుపోయి, మెట్టు ఎక్కడానికి రొప్పుతూ ఉంది. వెంట వచ్చిన అత్త రమణమ్మ చేతిలో ప్లాస్టిక్ కవరు, దాని నిండా చీటీలు, రిపోర్టులు.

"అన్నం తిన్న అరగంటకు మొదలవతాది సిస్టరమ్మా" అంది చెంగమ్మ. "మొగమంతా ఎర్రంగా కాగిపోతాది. తల పగిలిపోతాది. గుండె దడదడా కొట్టుకుంటాది. నోట్లో మిరియాలు కొరికినట్టు చురుక్కుమంటాది. మూడు నాలుగు గంటలకు దానంతటదే పోతాది. తెల్లారి ఆస్పత్రికి పోతే, బాగానే ఉండావే అంటారు. నాకు పిచ్చి అనుకుంటండారు అందరూ."

కవరులోని చీటీలు వరసగా చూశాను. రెండేళ్ల కిందట హైపోథైరాయిడిజం అని తేలింది. అంటే గొంతు దగ్గరుండే థైరాయిడ్ గ్రంథి చేయవలసినంత హార్మోను చేయడం లేదు. ఆ లోటు తీరడానికి రోజూ పరగడుపున ఒక మాత్ర వేసుకోవాలి. గుండె దడ అని ఆమె చెప్పగానే ఒకరు మాత్ర ఎక్కువైందని తగ్గించారు. నీరసం అనగానే ఇంకొకరు పెంచారు. ఒకరు గ్యాస్ అన్నారు, ఒకరు ఉత్త భయం అన్నారు. ప్రతి చీటీకీ పైన థైరాయిడ్ అని రాసి ఉంది. ఆ మాట చూశాక, కింద ఆమె చెప్పుకున్నది ఎవరూ చెవిన పెట్టినట్టు లేదు. నేనూ పెట్టలేదు. ఆ మిరియాల మాట నేను కేస్ షీటులో రాయనే లేదు.

చెంగమ్మ మాత్రం దోషి ఎవరో తేల్చేసుకుంది. "ఇదంతా ఆ మాత్ర చేసే పనే. ఏప్రిల్లో మానేసినా. రెండు నెల్లు ఒక్క రోజన్నా రాలా. ఒళ్ళు ఉబ్బతండాదని మొన్న మళ్ళా మింగినా, మళ్ళా వొచ్చింది. ఇంక దాని మొగం చూడను."

రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ నలభై దాటింది. థైరాయిడ్ ఎంత వెనకబడి ఉందో చెప్పే లెక్క అది. ఎంత పెరిగితే అంత లోటు. డాక్టరు గారు నన్ను పక్కకు పిలిచి, "మాత్ర మానేస్తే గుండె మీదికి వస్తుంది. ఈమె చేత వేయించే పూచీ నీది" అన్నారు. తిన్నాక వచ్చే ఆ దడ పోతే తప్ప ఆమె మాత్ర ముట్టదు. అది ఎక్కడి నుంచి వస్తున్నదో మాకు తెలియదు.

ఇలాంటప్పుడు రోగి చేత ఫుడ్ డైరీ రాయిస్తాం. ఏ పూట ఏమి తిన్నారు, తర్వాత ఏమైంది అన్నది రోజువారీగా రాసుకోవడం. చెంగమ్మకు రాయడం రాదు. అందుకని నేను పని తేలిక చేశాను. "ఒక్క నెల మాత్ర వేసుకో. జబ్బు వచ్చిన రోజు మీ ఇంట్లో క్యాలెండరు మీద బొగ్గుతో గీత పెట్టు. నెల చూసి మాట్లాడుకుందాం" అన్నాను. ఏమి తింటున్నావు అని అడగలేదు.

"ఈ నెల్లోనే నేను పోతే?"

"నువ్వు పోతే నీ తట్ట నేను మోస్తా."

"నువ్వా? తెల్లచీర కట్టుకోని చర్చికి పోయేదానివి, నీ దగ్గిర చేప ఎవురు కొంటారు?" అని నవ్వింది. ఆ నవ్వు మీదే మాత్రల షీటు ఆమె చేతిలో పెట్టాను.

ఆ ఆదివారం మా చర్చి సంఘంలో, పేరు చెప్పకుండా, ఒక చెల్లెలి కోసం ప్రార్థించమని కోరాను. నాలుగు ఆదివారాలు అందరూ ప్రార్థించారు.

నెల కాగానే అత్తాకోడళ్లు క్యాలెండరు చుట్టుకుని తెచ్చారు. పదకొండు గీతలు. ఎక్కువ శనివారాలు, గురువారాలు, రెండు మంగళవారాలు. రమణమ్మ గీతల మీద వేలు పెట్టి, "చూసినావా, శని. నేను చెప్తానే ఉండా" అంది. నా కళ్లు మాత్రం ఇంకో వరస మీద నిలిచాయి. ఎర్ర అంకెల కింద ఒక్క గీత కూడా లేదు. మేము ప్రార్థించిన ఒక్క ఆదివారం కూడా ఆమెకు జబ్బు రాలేదు!

నా ఒళ్లు పులకరించింది. మరుసటి ఆదివారం సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పాను. ప్రభువు తన దినాన ఆ చెల్లెలిని ముట్టనివ్వలేదని చెప్పాను. అందరూ స్తోత్రం చేశారు. ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు. ఆ మాట తర్వాత చెంగమ్మతో కూడా సంతోషంగా చెప్పాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఆదివారం రాకపోతే సరిపోద్దా సిస్టరమ్మా? మిగతా ఆరు దినాలు మీ దేవుడికి సెలవా?"

ఆ రోజంతా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. శనివారం ఆమెకు ఏమవుతుందో నేను ఒక్కసారీ చూడలేదు. ఆదివారం గురించే గొప్పగా చెప్పుకున్నాను.

తర్వాతి శనివారం డాక్టరు గారి దగ్గర సెలవు తీసుకుని, బీపీ మిషను సంచిలో వేసుకుని పాలెం వెళ్లాను. రెండున్నర దాటింది. చెంగమ్మ అప్పుడే నెల్లూరు నుంచి వచ్చి, తట్టలో మిగిలిన ఐదారు కానాగంతలను కడుగుతూ ఉంది. మా వైపు ఎక్కువగా దొరికే చేపే. తట్ట మీద కప్పిన గోనెపట్ట ఎండి చెక్కలా ఉంది. ఆమె పులుసు పెట్టింది. ఇల్లంతా చింతపండు, మెంతుల వాసన.

"కూసో సిస్టరమ్మా, ఒక ముద్ద తిందువు" అంది రమణమ్మ. పొయ్యి పక్కన రెండు గిన్నెలు ఉన్నాయి. వేడిగా ఉన్న పులుసు వైపు నేను గరిటె చాచగానే ముసలమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"అది కాదు! అది తిరిగొచ్చిన చేప. నీకు పొద్దన కూర పెడతా."

"తిరిగొచ్చిన చేప అంటే?"

"టౌనుకు పోయి అమ్ముడుపోక తిరిగొచ్చింది. వేటకు పోయేవోడికి అది పెట్టకూడదు. తింటే వల కూడా అట్టే ఒట్టిగా తిరిగొస్తాది. పిల్లోళ్ళకు, ఇంటికొచ్చినోళ్ళకు గూడా పెట్టం. తెల్లారి బోటు రాంగానే కూరకని తీసి పెడతాం గదా, ఇంట్లోవోళ్ళకు అదే."

"మరి చెంగమ్మకు?"

"అమ్మబోయినోళ్ళే దాన్ని తినాల. నేనూ మా యత్త దినాల్లో అట్టే తిన్నా."

"మీకు ఎప్పుడూ ఈ జబ్బు రాలేదా?"

"మేం యాడికి పోయినాం? పక్క ఊళ్ళు తిరిగి తొమ్మిదికల్లా ఇంట్లో ఉంటిమి. ఈమె గదా, రెండేళ్ళ నించి ఆటో ఎక్కి టౌనుకు పోతండాది."

రెండేళ్లు. థైరాయిడ్ మాత్ర మొదలైందీ అప్పుడే. ఇద్దరం కలిసి తిన్నాం, వేర్వేరు గిన్నెల్లోది. ఇరవై నిమిషాలు గడిచాయో లేదో, చెంగమ్మ కంచం పక్కకు జరిపి గోడకు చేరబడింది. మెడ మీద ఎర్రటి మచ్చలు లేచాయి. చూస్తుండగానే అవి బుగ్గల మీదికి పాకాయి. చెయ్యి పట్టుకుంటే పల్స్ నూట ఇరవై దాటి పరుగెత్తుతోంది.

"వొచ్చేసింది సిస్టరమ్మా. ఇదిగో, నువ్వన్నా చూడు."

"చూస్తున్నానమ్మా. నీకు పిచ్చి లేదు." ఆ మాట వినగానే, అంత బాధకూ ఏడవని ఆమె ఏడ్చింది.

"ఆదివారం ఏం తింటావు చెంగమ్మా?" అని అడిగాను. నెల రోజుల కిందట అడగవలసిన ప్రశ్న.

"ఆదివారం తట్టలో ఏం మిగల్తాది? పదింటికే ఐపోతాది. అందరితో పాటు పొద్దన కూరే తింటా. శనివారం, గురువారం టౌనోళ్ళు చానామంది నీసు ముట్టరు గదా, ఆ దినాలే మిగిలేది."

నా సాక్ష్యం అక్కడే కూలిపోయింది. ఆ క్షణంలో ఆమె మొహం కంటే నా మొహమే ఎక్కువ ఎర్రబడి ఉంటుంది.

ఆటోలో ముగ్గురం క్లినిక్‌కు వచ్చాం. డాక్టరు గారు చూసి, నేను చెప్పింది విని, యాంటీ హిస్టమిన్ ఇంజెక్షన్ ఇమ్మన్నారు. కానాగంతల్లాంటి నల్ల కండ ఉన్న చేపలు పట్టిన తర్వాత ఐసు లేకుండా ఎండలో గంటల తరబడి ఉంటే, వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పేరుకుంటుంది. దద్దుర్లు లేచినప్పుడు మన ఒంట్లో పుట్టేదీ అదే. అది చేపతో పాటు కడుపులోకి పోతే మొహం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, నోరు మిరియం కొరికినట్టు మండుతుంది.

"కంపు లేదే!" అంది రమణమ్మ. "చెడిపోయిన చేప నాకు తెలీదా?"

"దీనికి కంపు ఉండనక్కర్లేదమ్మా. ఎంతసేపు ఉడికించినా పోదు" అన్నారు డాక్టరు గారు. "చెంగమ్మకు థైరాయిడ్ ఉంది, నిజమే. ఇది వేరే. రెండూ ఒకే మనిషికి వచ్చాయి."

గంటలో ఎరుపు తగ్గింది. చెంగమ్మ మంచం మీద లేచి కూర్చుని, ఉన్నట్టుండి నుదురు కొట్టుకుంది. "ఏప్రిల్, మే! చేపలు గుడ్లు పెట్టే కాలమని గవర్నమెంటోళ్ళు వేట ఆపించిన నెల్లు గదా! బోట్లే పోలా, నేను తట్టే ఎత్తలా. ఇంక చేప తిరిగొచ్చేది యాడ?" మెల్లగా అడిగింది, "అయితే ఆ మాత్ర మంచిదేనా?"

"మంచిదే. నిన్ను నిలబెట్టేది అదే."

"పాపం, రెండేళ్ళు దాన్ని తిట్టినా" అంది.

ఆ ఇంటి నమ్మకం మీద నేను ఏమీ మాట్లాడలేదు. నా నమ్మకాన్ని నేనే ఎంత తప్పుగా వాడుకున్నానో అప్పుడే చూశాను కదా. కానీ రమణమ్మ ఆటో ఎక్కబోతూ వెనక్కి తిరిగింది. "తిరిగొచ్చింది మగోడికి మంచిది కాదంటే, ఆడదానికి మాత్రం ఎట్ట మంచిదవతాది? రేపటి నించి తెల్లారి కూరలోనే దీని భాగం ముందు తీసిపెడతా. మిగిలింది ఎవురికీ పెట్టను. గుంత తీసి పూడ్చేస్తా." డాక్టరు గారి మాట ప్రకారం తట్ట బదులు ఐసు పెట్టె వచ్చింది. ఐసు బోటు దగ్గరే పడుతుంది. ఇప్పుడు చేప చాలా రోజులు తిరిగి కూడా రావడం లేదు. తాజాగా ఉందని టౌనులో అడిగి మరీ కొంటున్నారట.

తర్వాతి ఆదివారం నేను సంఘంలో మళ్లీ నిలబడ్డాను. "ఆ రోజు నేను చెప్పిన సాక్ష్యం తప్పు. ఆదివారం చేప అమ్ముడుపోతుంది, అందుకే ఆ చెల్లెలికి జబ్బు రాలేదు" అన్నాను. మా సంఘ పెద్ద ఒకాయన, వయసు మళ్లిన మనిషి, కుర్చీలో నుంచే అన్నాడు. "అమ్మా, మనం స్వస్థత అడిగినాం. దేవుడు నిన్ను పంపినాడు. నువ్వే ఒక నెల ఆలస్యంగా పోయినావు." అందరూ నవ్వారు, నేను కూడా. ఆ నవ్వులో నాకు క్షమాపణ దొరికింది.

మూడు నెలలకు టీఎస్‌హెచ్ ఉండవలసిన చోటికి దిగింది. చెంగమ్మ మొహం వాపు తీసి, గొంతు మళ్లీ వీధి చివరకు వినబడేలా అయింది. అక్టోబరులో ఒక శనివారం నన్ను భోజనానికి పిలిచింది. పొయ్యి పక్కన ఒకటే గిన్నె ఉంది. రమణమ్మ మొదటి ముక్క కోడలి కంచంలో వేసి, తర్వాత నాకు వేసింది. తిన్నాక ముగ్గురం గోడ గడియారం చూస్తూ కూర్చున్నాం. ఇరవై నిమిషాలు, అరగంట, ముప్పావుగంట. చెంగమ్మ మొహం ఎర్రబడలేదు. "శనివారం గదా సిస్టరమ్మా, మీ దేవుడు ఈపొద్దు డ్యూటీలోనే ఉండాడు" అంది.

తిరుగుదారిలో ఒక లేఖన భాగం గుర్తుకొచ్చింది. ఎన్నో ఏళ్లుగా పిల్లలకు చెప్పిన పాఠమే. రాత్రంతా వల వేసి ఏమీ పడక అలసిన జాలరులను, తిరిగి లేచిన ప్రభువు ఒడ్డున నిలబడి పలకరిస్తాడు. ఆయన మొదట చేసింది బోధ కాదు. తినడానికి మీ దగ్గర ఏమైనా ఉందా అని అడగడం. ఆ తర్వాతే నిప్పుల మీద చేప, రొట్టె. నేను ఎప్పుడూ వలలో పడ్డ చేపల గురించే చెప్పేదాన్ని. ఆ ప్రశ్న దగ్గర ఆగలేదు. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ప్రతి రోగిని, చీటీ మీద ఏ జబ్బు పేరు ఉన్నా, ముందు అదే అడుగుతున్నాను. ఏం తిన్నావు? ఎవరితో కలిసి తిన్నావు? అందరిదీ ఒకే గిన్నేనా?