కోళ్లు ఈకలు రాల్చిన రెండు నెలలు

పోయిన సోమవారం చిక్కడపల్లి మార్కెట్లో ఆకుకూరలు అమ్మే అక్క తోటకూర కట్ట నా సంచిలో వేస్తూ మామూలు ముచ్చటలాగే చెప్పింది. "మీ పక్క అపార్ట్‌మెంట్ల ఉండె గదా, పాలమూరు పెద్దమ్మ. పోయింది తమ్మి. కామెర్లంట. వారమైతుంది." అమ్మ కొత్తిమీర కూడా తెమ్మంది. అది తీసుకోకుండానే వచ్చేశాను.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. మూడేళ్ల కింద అశోక్‌నగర్‌లో మా పెంకుటింటి పక్క ఇల్లు కూలగొట్టి అపార్ట్‌మెంట్ మొదలుపెట్టినప్పుడు, కాపలా ఉండటానికి పాలమూరు నుంచి ఆ భార్యాభర్తలు వచ్చారు. మా గోడకు ఆనుకునే రేకుల గుడిసె వేసుకున్నారు. ఆమెకు యాభై దాటి ఉంటాయి. మా అమ్మ ఆమెను అక్కా అని పిలిచేది కాబట్టి నాకు పెద్దమ్మ అయింది.

మా పెరట్లో ఆరు నాటుకోళ్లు ఉండేవి. గోడ సగం కూలి ఉండటంతో అవి పొద్దంతా పెద్దమ్మ వైపు ఇసుక కుప్పలో పొర్లేవి. ఒక్కోసారి గుడ్డు కూడా ఆ ఇసుకలోనే పెట్టేవి. ఆమె దాన్ని కొంగులో పట్టుకుని, వెచ్చదనం ఆరకముందే మా గడప దగ్గరికి తెచ్చేది. "మీ నల్లది మా ఇంట్ల పెట్టింది. తీస్కో చెల్లె" అనేది. అమ్మ ఉంచుకోమంటే, "నా కోడి గాదు గదా" అనేది. వానాకాలమంతా ఇలాగే నడిచింది. ఇదంతా నేను చూశాను. చూసి కూడా ఆ పని చేశాను కాబట్టి ముందే చెబుతున్నాను.

ఊళ్లో ఆమెకు కోళ్లుండేవట. ఇక్కడ మా కోళ్లను చూసి ఆ ఆశ తీర్చుకునేది. జొన్నరొట్టె చివరి ముక్క ఎప్పుడూ నోట్లో పెట్టుకునేది కాదు, నలిపి వాటికి చల్లేది. నేను కోడిని రెక్కలు పట్టి ఎత్తితే ఊరుకునేది కాదు. "గట్ల ఏలాడేస్తవేంది పిలగా. నిన్ను చెవులు వట్టి ఏలాడేస్తే ఎట్లుంటది?" అని, రెండు చేతులూ రొమ్ము కింద పెట్టి, నిండు నీళ్ల గిన్నెను ఎత్తినట్టు ఎత్తడం చూపించేది.

నేను తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. స్కూటర్ మెకానిక్ దగ్గర ఐదు నెలలు, కేబుల్ వైర్లు లాగే పనిలో మూడు నెలలు. ఎక్కడా నిలవలేదు. 'ఇప్పుడేం చేస్తున్నవ్' అని నన్ను అడగని మనిషి గల్లీలో ఆమె ఒక్కతే. ఇటుకల మీద కూర్చోమని చాయ్ పోసేది. "వాని కాళ్లు ఆగుతలేవంటే ఏడికో పోయేది ఉన్నట్టే తియ్ చెల్లె" అని మా అమ్మకు వినబడేలా అనేది. ఆ మాట పట్టుకుని నేను చాలా రోజులు బతికాను.

దీపావళి దాటి చలి మొదలైంది. పొద్దున గూడు తెరిస్తే గంపెడు ఈకలు. కోళ్ల మెడలు బోడివయ్యాయి, తోకలు ఊడిపోయాయి. నల్లది ఎవరో సగం పీకి వదిలేసినట్టు తిరుగుతోంది. గుడ్లు ముందు తగ్గాయి, తర్వాత ఒక్కటీ లేదు. మేం కోళ్లను పెంచడం అదే మొదటిసారి. ఇలా అవుతుందని అమ్మకు తెలియదు, నాకసలే తెలియదు.

పెద్దమ్మ గోడ మీదుగా చూసి నవ్వింది. "రోగం గాదు బిడ్డ. పాత ఈకలిడుస్తున్నయి. ఒంట్ల ఉన్న బలమంత కొత్త ఈకకే పోతది, ఇగ గుడ్డుకు ఏడికెళ్లి వస్తది? ఎండుచేపల పొడి వెయ్యి. రెండు నెల్లు వాటి జోలికి పోకు."

"ఎందుకు పోవద్దు?"

"నువ్వు బట్టలు మార్చుకుంటుంటే నేనొచ్చి తలుపు కొడ్తే నీకెట్లుంటది?"

నేను నమ్మలేదు. "రాల్చుకోనీకి అవేమన్న చెట్లా పెద్దమ్మా" అన్నాను.

ఆ వారమే అమ్మ నన్ను గట్టిగా అంది. "సదువుకోవైతివి, పనికి పోవైతివి. ఇంట్ల ఉన్న ఆరు కోళ్లనన్న చూస్కోరాదా? గుడ్లు ఏడికి పోతున్నయో చూడు." ఏదో ఒకటి తేల్చి చూపించాలన్న కసి పుట్టింది. మర్నాడు పొద్దున ఈకల జాడ పట్టుకుని గోడ దాటాను. ఇసుక కుప్ప నుంచి పెద్దమ్మ గుడిసె దాకా ఈకలే. కోళ్లు రోజూ పొర్లే చోట ఈకలు కాక ఇంకేం ఉంటాయి? అప్పుడు నాకు అది తట్టలేదు. కూలీలందరూ పనిలోకి దిగుతున్నారు. మేస్త్రి కూడా అక్కడే ఉన్నాడు.

నేను గుడిసెలోకి వెళ్లి ఆమె రేకు పెట్టె తెరిచాను. అడగలేదు. రెండు చీరలు, ఒక దువ్వెన, అడుగున బట్టలో కట్టిన చిన్న మూట. విప్పితే మా కోళ్ల ఈకలు. మంచివి ఏరి, కడిగి ఆరబెట్టినవి. బయటికి తెచ్చి అందరి ముందూ ఎత్తి చూపించాను.

"గుడ్లు తింటున్నవ్. కోళ్లను గూడ పీక్తున్నవ్."

పెద్దమ్మ నా చేతి వైపు చూసింది, నా వైపు కాదు. "రాలినయే ఏరుకున్న బిడ్డ. మీ పెదనాయిన కాళ్లు సిమెంటుకు పుండ్లయినయి. చేత్తోని నూనె రాస్తే మంటకు ఓర్వడు. ఈకతోని రాస్తున్న."

"మరి గుడ్లేవి?"

"తింటే పెంకులుండాలె గదా. ఒక్క పెంకు సూపియ్యి."

"పారేసి ఉంటవ్" అన్నాను. కూలీల్లో ఎవరో నవ్వారు. ఆ నవ్వు నాకు బలమిచ్చింది.

మేస్త్రికి అసలు సంగతి అక్కర్లేదు. "పక్కింటోళ్లతోని నాకు లొల్లి వద్దమ్మా. ఇయ్యాలనే సామాన్ తీస్కొని పోండ్రి" అన్నాడు. మధ్యాహ్నానికి వాళ్లు రేకులు విప్పేశారు. ఆమె భర్త కాళ్లకు గోనెపట్ట చుట్టుకుని నడుస్తుంటే మా గేటు దగ్గర నిలబడి చూశాను. గెలిచాననే అనుకున్నాను.

తర్వాత కోళ్ల ఒంటి మీద ముళ్లలా కొత్త ఈకలు మొలిచాయి. నెలన్నరకు నల్లది నిగనిగలాడింది. ఒకరోజు పొద్దున గూట్లో గుడ్డు. అమ్మ దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టి, "పోయి మేస్త్రికి చెప్పిరా" అంది. నేను దాన్ని అలమరలో పెట్టి తిరగడానికి పోయాను.

కొన్నాళ్లకు నారాయణగూడలో, కూలీలు పని కోసం పొద్దున్నే నిలబడే అడ్డా దగ్గర పెద్దమ్మ కనబడింది. నేను తల తిప్పుకునేలోపే పిలిచింది.

"ఈకలొచ్చినయా బిడ్డ?"

"వచ్చినయ్."

"గుడ్డు?"

"పెడ్తున్నయ్ పెద్దమ్మా."

ఆమె ముఖంలో ఎత్తిపొడుపు కోసం వెతికాను. లేదు. "నల్లదే ముందు పెట్టుంటది, గట్టిది అది" అని సంతోషపడింది. తర్వాత గొంతు తగ్గించింది. "నాకేం చెప్పకు గని, మేస్త్రితోని ఒక్క మాట చెప్పు. ఆయన ఇంకో నలుగురికి చెప్పిండు. కాపలా పని ఎవ్వరు ఇస్తలేరు. ఈ వయసుల మోసుడు నాతోని అయితలేదు."

"రేపే చెప్తా" అన్నాను.

చెప్పలేదు. మేస్త్రి ఇల్లు హిమాయత్‌నగర్‌లోనే, సైకిల్ మీద పది నిమిషాలు. నలుగురిలో ఈకలు ఎత్తి చూపించినవాడిని, ఆ ఈకలు వాటంతటవే రాలతాయని నాకు తెలియలేదు అనడానికి నోరు రాలేదు. అంతకంటే పెద్ద కారణం లేదు. పొద్దున పూట నారాయణగూడ వైపు వెళ్లడమే మానేశాను. సుల్తాన్ బజార్‌కు పోవాలన్నా చుట్టు తిరిగి పోయేవాడిని. ఆ తర్వాత రెండేళ్లూ దీపావళి వెళ్లగానే మా కోళ్లు ఈకలు రాల్చాయి. అమ్మ ఎండుచేపల పొడి వేసేది. నేను గూడు ఊడ్చేవాడిని. మేమిద్దరం ఆమె పేరెత్తలేదు.

చావు కబురు విన్న సాయంత్రం మేస్త్రి ఇంటికి వెళ్లి మొత్తం చెప్పాను. ఆయన "ఇప్పుడెందుకు చెప్తున్నవ్ రా" అన్నాడు. ఆమె భర్త రాంనగర్‌లో ఒక సైటు దగ్గర ఉన్నాడని కూడా ఆయనే చెప్పాడు.

మర్నాడు రాంనగర్ వెళ్లాను. తిట్టినా కొట్టినా పడాలనుకునే వెళ్లాను. ఆయన నన్ను గుర్తుపట్టి, ఇటుకల మీద గోనెసంచి పరిచి కూర్చోమన్నాడు.

"నువ్వన్న వచ్చినవ్ బిడ్డ. గప్పుడు నీ మీద మస్తు కోపముండె. మీ గల్లీకొచ్చి లొల్లి చేద్దమనుకున్న. ఆమెనే ఆపింది. 'పిలగాడు మేస్త్రితోని చెప్పిండు, తప్పయిందన్నడు, ఇగ నువ్వు మనసుల పెట్టుకోకు' అన్నది. మంచి పని చేసినవ్."

నేను చెప్పలేదని ఆమెకు తెలుసు. కాపలా పని దొరకని ప్రతి పొద్దూ తెలిసే ఉంటుంది.

ఆయన చాయ్ తెప్పించాడు. మేస్త్రితో చెప్పానన్నది ఇప్పుడు అబద్ధం కూడా కాదు, ముందురోజే చెప్పాను. ఆ మాట చాటున దాక్కుని, ఆయన ముఖం చూడకుండా చాయ్ తాగాను.

అందుకే ఇది రాస్తున్నాను. నింద నలుగురిలో వేశాను, ఇదీ నలుగురిలోనే ఉండాలి. మా గల్లీలో ఇంకా ఎవరైనా ఆమెను గుడ్ల దొంగ అనుకుంటుంటే, పాలమూరు పెద్దమ్మ మా ఇంటి గుడ్డు ఒక్కటీ తినలేదు. ఆమె బతికుండగా నేను ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఆమె భర్తకు చదువు రాదు. మీలో ఎవరికైనా ఆయన తెలిస్తే ఇది చదివి వినిపించండి. విన్నాక ఆయన మా గల్లీకి వస్తానంటే రానివ్వండి, నేను ఇంట్లోనే ఉంటాను.

ఆ రోజు నేను లేచేసరికి అక్కడ స్లాబు పని మొదలైంది. ఆడవాళ్లు మెట్టుకొకరు నిలబడి కాంక్రీటు తట్టలు చేతి నుంచి చేతికి పైకి అందిస్తున్నారు. "ఆమె నిలబడేది గీడనే. ఇంక మనిషి దొరకలేదు" అని ఆయన నడిమి మెట్టు చూపించాడు. అక్కడ ఎవరూ లేరు. తట్ట వచ్చినప్పుడల్లా కింది మెట్టు మీదామె మునివేళ్ల మీద లేస్తోంది, పై మెట్టు మీదామె నడుం వంచి చేతులు చాపుతోంది. తట్ట ఆ ఖాళీ మెట్టు మీదుగా పోతోంది.