అత్తయ్య ఆగిన ఆదివారం

నా చిన్నప్పుడు, ఢిల్లీ వచ్చిన మొదటి ఏడాది, నేను బడిలో నోరు విప్పేదాన్ని కాదు. ఇప్పుడు నా దగ్గర చదివే పిల్లలకి ఈ సంగతి చెబితే "మ్యామ్, మీరా!" అని పడీపడీ నవ్వుతారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో జరిగిందే అయినా, వాళ్ళు పుట్టకముందుది కాబట్టి వాళ్ళకి అదంతా పురాణమే.

నాన్నది కేంద్ర ప్రభుత్వంలో గుమాస్తా ఉద్యోగం. కాకినాడ నుంచి బదిలీ అయి వచ్చి ఆర్కేపురం క్వార్టర్లలో దిగాం. బడిలో టీచరు హిందీలో అడిగేది. నేను దాన్ని తెలుగులోకి తెచ్చుకుని, జవాబు వెతుక్కుని, మళ్ళీ హిందీలో పేర్చుకునేలోపు పక్కపిల్ల చెప్పేసేది. ఇంట్లో ఇంకో తంతు. ఎవరైనా వచ్చి "ఏం చదువుతున్నావమ్మా?" అంటే చాలు, "సెకండ్ క్లాసండీ, దీనికి సిగ్గెక్కువ" అని అమ్మ అందుకునేది. అమ్మ ప్రేమకి వంక పెట్టలేం, ఓపికే లేదు. రెండు చోట్లా నా వంతు ఎవరో ఒకరు మాట్లాడేస్తుంటే నాకు నోటితో పనిలేకుండా పోయింది. చివరికి బడివాళ్ళు నాన్నని పిలిచి, ఏడాది చివర నోటి పరీక్షలో పలక్కపోతే మళ్ళీ రెండో తరగతే అని చెప్పేశారు.

ఆ రోజుల్లోనే నాన్నకి చెల్లెలి వరసయ్యే అత్తయ్య ఒకావిడ ఎమ్మెడ్ చదవడానికి వచ్చి మాకు దగ్గర్లోనే బేర్ సరాయ్‌లో గది తీసుకుంది. మా ఊరి వైపు హైస్కూల్లో సోషల్ టీచరు, సెలవు పెట్టి వచ్చింది. మెస్సులో రాజ్మా తినలేక ప్రతి ఆదివారం పప్పూ ఆవకాయా కోసం మా ఇంటికి వచ్చేది. చదువు అవగానే ఢిల్లీలోనే కాలేజీ లెక్చరర్ అయిపోవాలని, మళ్ళీ చిన్నపిల్లల మధ్య గొంతు చించుకోకూడదని ఆమె పట్టుదల. అమ్మ అప్పుడే "లెక్చరరమ్మా" అని పిలిచేది. నా లెక్క వేరు. లెక్చరరైతే అత్తయ్య ఎప్పటికీ ఇక్కడే ఉంటుంది. వారానికి ఒక్కరోజైనా నాకు తోడుంటుంది.

చలికాలంలో ఒక ఆదివారం ముఖం మాడ్చుకుని వచ్చింది. వాళ్ళ ప్రొఫెసరు ఒక బడికి వెళ్ళి, చిన్నక్లాసులో వెనక కూర్చుని, పిల్లలు ఎలా ఆలోచిస్తారో ఊరికే చూసి రమ్మన్నారట. ఈవిడ ఊరికే ఉండగలదా? ఏ పిల్ల తడబడినా జవాబు అందించేసిందట. ముందు నోరు కట్టుకోవడం నేర్చుకోమని ఆయన మళ్ళీ అక్కడికే పంపుతున్నారట.

భోజనాలయ్యాక బఠానీ కాయలు ఒలవడానికి నన్ను డాబా మీదకి తీసుకెళ్ళింది. ఎండలో చాప పరిచి, "అమ్మలూ, నాకు నీ సాయం కావాలే. నేనో ప్రశ్న అడుగుతాను. నువ్వు చెప్పేదాకా నేను నోరెత్తకూడదు. ఎత్తితే నేను ఫెయిల్" అంది.

టీచరు నా దగ్గర ఫెయిలవడం! భలే గమ్మత్తుగా అనిపించి సరేనని తలూపాను. బడిలో మధ్యాహ్నం ఎవరితో కూర్చుని అన్నం తింటావని అడిగింది.

నేను బిగుసుకుపోయాను. అత్తయ్య కాయలు ఒలుస్తూనే ఉంది. మధ్యమధ్య ఆమె పెదాలు కదలబోయి ఆగిపోయేవి. ఆరేసిన బట్టలు తీయడానికి అమ్మ పైకొచ్చి, సంగతి విని, "ఎవరో ఫ్రెండ్సుతో..." అనబోతే అత్తయ్య చెయ్యెత్తి ఆపేసింది. అమ్మ తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇద్దరు పెద్దవాళ్ళు నా మాట కోసం ఆగడం నేనెప్పుడూ చూడలేదు.

"ఎవరితోనూ కాదు" అన్నాను. "నీళ్ళ ట్యాంకు వెనకాల తింటాను. అక్కడైతే ఎవరూ ఏమీ అడగరు."

అమ్మ తువ్వాలుతో కళ్ళు ఒత్తుకుంది. అత్తయ్య అప్పటికీ మాట్లాడలేదు. అందుకే మిగతాది కూడా బయటికొచ్చింది. హిందీ నాకు వచ్చని, పేర్చుకోవడానికి కాస్త టైము పడుతుందని, ఈలోపు నా వంతు అయిపోతుందని చెప్పేశాను. అంతా విన్నాక అత్తయ్య అమ్మకేసి తిరిగింది. "నాకు పాఠం చెప్పడం వచ్చనుకున్నాను వదినా. ఇన్నేళ్ళలో ఇలాంటివాళ్ళని ఎంతమందిని 'నెక్స్ట్' అని దాటేశానో!"

ఆ తర్వాత ప్రతి ఆదివారం మాకదే ఆట. అమ్మ కూడా చుట్టాల ముందు నోరు కట్టుకోవడం నేర్చుకుంది. నోటి పరీక్షకి ముందు అత్తయ్య మా బడికొచ్చి టీచరుని ఒక్కటే అడిగింది, పిల్లకి కాస్త టైమివ్వమని. ఆవిడ "ఠీక్ హై" అంది. పరీక్షనాడు గడియారం చూసుకుంటూనే అయినా ఆగింది. నేను చెప్పాను. మూడో తరగతికి వెళ్ళాను.

అత్తయ్య చదువూ పూర్తయింది. లెక్చరర్ పోస్టులకి ఎప్పుడు అప్లై చేస్తున్నావని నాన్న అడిగితే, చేయడం లేదంది. వెనక్కి వెళ్ళి చిన్నక్లాసులే అడిగి తీసుకుంటానంది. "ఇంత చదువూ చదివి మళ్ళీ అఆలా!" అని అమ్మ నెత్తి కొట్టుకుంది. నేను మాత్రం, ఆ రోజు డాబా మీద నేను నోరు విప్పకపోయి ఉంటే అత్తయ్య ఢిల్లీలోనే ఉండిపోయేది కదా అని ఏడ్చాను.

స్టేషన్లో ఆమెతో మాట్లాడలేదు. రైలు తలుపు దగ్గర నిలబడి, "నా మీద కోపమా అమ్మలూ?" అని అడిగింది. అడిగి, మా ఆటలోలాగే ఆగింది. నేను మాట పేర్చుకుంటూనే ఉన్నాను. రైలుకి ఆ ఆట తెలీదు, కదిలిపోయింది. తర్వాత ఫోన్లో ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం గానీ ఆ ప్రశ్న ఆమె మళ్ళీ అడగలేదు, నేనూ ఎత్తలేదు. ఆ వేసవిలో ఆదివారాలు ఎంతకీ గడిచేవి కావు.

ఇప్పుడు ఢిల్లీ పక్కనే వైశాలిలో ఒక బడిలో ఒకటో తరగతి నాదే. ఊళ్ళు మారి వచ్చిన పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. ప్రశ్న అడిగి ఆగుతాను. ఇలాగైతే సిలబస్ అయినట్టేనని తోటి టీచర్లు ఆటపట్టిస్తారు. క్లాసంతా నిశ్శబ్దమైపోయి ఆ పిల్ల తన మాట పేర్చుకుంటున్నంతసేపూ, అత్తయ్య నా ఎదురుగా బఠానీలు ఒలుస్తూ కూర్చున్నట్టే ఉంటుంది. ఆమెకి నా జవాబు లోలోపలే చెప్పుకుంటాను.

కోపం కాదత్తయ్యా, బెంగ.