శ్రీరాంపూర్‌కు, బ్యాటరీ చూడటానికి

పొద్దున ఆరుంబావుకు కరీంనగర్ బస్టాండులో మంచిర్యాల ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. కండక్టర్ ఆధార్ కార్డు చూసి, ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ ఇచ్చాడు. నా సంచిలో హెడ్‌ఫోన్లు, ఒక నోట్‌బుక్కు, బ్యాటరీ వోల్టేజీ చూసే చిన్న మీటరు ఉన్నాయి. ఈ ప్రయాణం ఆ మీటరు ఏం చూపిస్తుందోనన్న దిగులుతోనే మొదలైంది.

వినికిడి పరీక్షలు చేయడం నా పని. పాత ఆదిలాబాద్ జిల్లాలోని గనుల ఊళ్లకు నెలకోసారి వెళ్తాను. అందుకోసం మాకొక ట్రైలర్ ఉంది. ఎవరో విహారయాత్రలకు వాడుకుని అమ్మేసిన చిన్న బండి ఇల్లు అది. గోడలకు మందపాటి పరుపులు కొట్టించి, బయటి చప్పుడు లోపలికి రాని గదిగా మార్చుకున్నాం. జనరేటర్ పెడితే ఆ మోతకు పరీక్షే సాగదు కాబట్టి అన్నీ బ్యాటరీ మీదే నడవాలి. మిగతా రోజుల్లో ట్రైలర్ శ్రీరాంపూర్‌లోని చర్చి ఆవరణలో ఉంటుంది.

పోయిన నెల ఆ బ్యాటరీయే నన్ను ముంచింది. గనిలో ముప్పై ఏళ్లు డ్రిల్లు పట్టి రిటైరైన లచ్చయ్య ఆ రోజు నా ముందు కూర్చున్నాడు. హెడ్‌ఫోన్లలో శబ్దం వినగానే వేలెత్తమని చెప్పాను. నాలుగైదు సార్లు ఎత్తాడు, ఆ తర్వాత ఎత్తలేదు. పరీక్ష చేసే మిషనే ఆగిపోయిందని నాకు తెలియడానికి కొంతసేపు పట్టింది. ఆలోపు ఆయన తన చెవులు పూర్తిగా పోయాయనుకున్నాడు. నేను బయటికి పరుగెత్తి, ట్రైలర్‌ను లాగే జీపు డ్రైవర్ ఖాజాను పిలుచుకొచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడని వరుసలో ఉన్నవాళ్లు చెప్పారు.

బ్యాటరీల పని కూడా తెలిసిన ఖాజా మూత తీసి చూశాడు. "ఖరాబ్ కాలే అక్కా. ఉపాసం ఉన్నది, గంతే" అన్నాడు. తప్పు నాదే. అంతకుముందు నెల ఇన్వర్టర్ ఆపకుండా ఇంటికి వెళ్లిపోయాను. అది ఊరికే ఉండి కూడా నెలంతా కరెంటు తాగింది. దానికి తోడు చర్చి వాచ్‌మన్ యేసయ్య, వానకు పాడవుతుందని, ట్రైలర్ మొత్తానికి టార్పాలిన్ కప్పాడు. పైనున్న సోలార్ పలకకు ఎండే తగల్లేదు. ఆ పలక ఎందుకో నేనెప్పుడూ ఆయనకు చెప్పలేదు.

ఖాజా బ్యాటరీని తీసుకెళ్లి, డిస్టిల్డ్ వాటర్ పోసి, ఒకరోజంతా నెమ్మదిగా ఛార్జింగ్ పెట్టి తెచ్చాడు. వాడని రోజుల్లో కరెంటు తాగకుండా ఇన్వర్టర్ తీగ విప్పేశాం. టార్పాలిన్ తీసేశాం. పలక మీది దుమ్ము తుడవమని, మబ్బు పట్టిన వారం చర్చి కరెంటుకు ఛార్జర్ తగిలించమని యేసయ్యకు చెప్పి వచ్చాను.

పెద్దపల్లిలో ఒక పెద్దమ్మ బుట్టతో ఎక్కి నా పక్కన కూర్చుంది. నా చేతిలో మీటరు చూసి, "గదేంది బిడ్డా, జెరం జూసేదా?" అంది. బ్యాటరీని చూసేదని, మనం లేనప్పుడు కూడా దాన్ని కనిపెట్టుకుని ఉండాలని చెప్పాను.

"ఊరికి పోతే మా కోళ్లకు గింజలెయ్యమని పక్కింటోళ్లకు జెప్పిపోత. గట్లనేనా?"

"అచ్చం అట్లనే" అన్నాను.

గోదావరిఖనిలో బస్సు పది నిమిషాలు ఆగింది. ఇడ్లీ తిని టీ తాగాను. గోదావరి వంతెన దాటి, తొమ్మిది కావస్తుండగా శ్రీరాంపూర్‌లో దిగాను. యేసయ్య గేటు దగ్గరే ఉన్నాడు. "పలక రోజూ తుడుస్తున్న మేడం, అద్దం లెక్కున్నది" అన్నాడు. మీటరు తీగలు ఆనించాను. పన్నెండు పాయింట్ ఏడు. అప్పటికే జీపు తెచ్చి పెట్టిన ఖాజా తొంగి చూసి, "కడుపు నిండున్నది అక్కా" అని నవ్వాడు.

రోడ్డు మీద బొగ్గు లారీల మోత ఉంటుంది కనుక జీపుతో ట్రైలర్‌ను కాలనీ వెనకున్న మైదానానికి లాగాం. ఒంటిగంట దాకా పదకొండు మందిని చూశాను. మిషన్ ఒక్కసారీ తడబడలేదు. లచ్చయ్య మాత్రం రాలేదు. యేసయ్యను తోడు తీసుకుని ఆయన ఇంటికి నడిచాను.

ఆయన గడప దగ్గర కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే చెయ్యి ఊపాడు. "నాకు ఒడ్సిపోయింది బిడ్డా. మల్ల ఎందుకు పరేషాన్?"

కుడి చెవి దగ్గర కూర్చుని గట్టిగా చెప్పాను: "ఆ రోజు ఆగింది నీ చెవి కాదు బాపూ, మా బ్యాటరీ. తప్పు నాది."

ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూపించాడు. "టోపీ లైటు లెక్కనా?"

"అవును."

"షిఫ్టు దిగంగనే ల్యాంపు రూంల ఛార్జింగుకు పెట్టాలె గద! పెట్టకపోతే మర్నాడు గనిల గుడ్డోనివే. గింత సదువుకున్నవు, గది తెల్వదా నీకు?"

తెలియదన్నాను. ఆయన పెద్దగా నవ్వి, లేచి చెప్పులు వేసుకున్నాడు.

రెండున్నరకు హెడ్‌ఫోన్లు పెట్టాను. మొదటి శబ్దానికే వేలు లేచింది. శబ్దం తగ్గిస్తూ పోయాను. ఆయన కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి విన్నాడు. ఎడమ చెవి చాలావరకు పోయింది, ఆ మాట దాచలేదు. కుడి చెవికి వినికిడి మిషన్ పెడితే ఇంట్లోవాళ్ల మాట బాగానే వినవచ్చని కాగితం మీద రాసి చూపించాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ట్రైలర్‌ను మళ్లీ చర్చి ఆవరణకు చేర్చాక, నాలుగున్నరకు తిరుగు బస్సు దొరికింది. బస్సు పెద్దపల్లి చేరేసరికి యేసయ్య ఫోన్ చేశాడు. "మేడం, లచ్చన్న ఈడికే వచ్చిండు. ఛార్జర్ ఆయననే తగిలిచ్చి, కుర్చేసుకొని కూసున్నడు. నిండేదాంక లేవడట. ఇగ గీ డ్యూటీ నాదే అంటుండు."

పోయిన నెల ఇదే దారిలో, ఈ పని నా వల్ల కాదేమో అనుకుంటూ వచ్చాను. ఈసారి నోట్‌బుక్కు తీసి వచ్చే నెల రావలసినవాళ్ల పేర్లు రాయడం మొదలుపెట్టాను. కుదుపులకు అక్షరాలు వంకరపోయాయి. మొదటి పేరు లచ్చయ్యది, కుడి చెవికి వినికిడి మిషన్ పెట్టడానికి.