విత్తడమా, కుట్టడమా

రాప్తాడు అవతల మా పల్లెలో వరుసగా రెండేళ్లు వేరుశనగ ఎండిపోయింది. రెండో ఏడు, హైవే పక్కన బట్టల ఫ్యాక్టరీలో ఆడవాళ్లను పనికి తీసుకుంటున్నారని విని బస్సెక్కాను. అప్పటికి పన్నెండేళ్లుగా మా వీధివాళ్ల రవికలు, పిల్లల యూనిఫారాలు నేనే కుట్టేదాన్ని.

ఫారం ఇంగ్లీషులో ఉంది. తెలిసిన పని రాయమన్నచోట స్పెల్లింగు గుర్తురాలేదు. ఫోన్లో 'సోయింగ్' అని పలికి, తెరమీద కనబడిన అక్షరాలు చూసి రాశాను. పక్కన పన్నెండేళ్లని చేర్చాను.

మేనేజరు అది చదివి పెద్దగా నవ్వాడు.

"ఏమ్మా, ఈడ శెనక్కాయలు ఇత్తేది లేదు. చేనుకు పోవాల్సిందానివి ఫ్యాక్టరీకి వచ్చినావేంది?"

నాకు అర్థం కాలేదు. ఆయనే వేలుపెట్టి చూపించాడు. ఎస్ పక్కన ఓ ఉంటే విత్తడమట, ఈ ఉంటే కుట్టడమట. పలకడం మాత్రం రెండూ ఒకటే. వెనక నిలబడ్డవాళ్లు కూడా నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. అయినా నేను రాసింది అబద్ధమేమీ కాదు కదా అనిపించింది.

"సార్, ఇత్తేదీ వస్తాది, కుట్టేదీ వస్తాది. పన్నెండేండ్లు రెండూ చేసినా. మిషను యాడుందో చూపించండి" అన్నాను.

ఆయన నవ్వు ఆపి చొక్కా కాలరు ముక్కలు ఇచ్చాడు. నాకు అలవాటైంది కాళ్లతో తొక్కే మిషను. ఇది కరెంటుది. పాదం ఆనించగానే ఒక్క ఉరుకు ఉరికింది, మొదటి కాలరు పాడైంది. ఇంకొకటి ఇమ్మని అడిగాను. ఈసారి మొనలు రెండూ సరిగ్గా వచ్చాయి. ఆయన కుట్లను గోటితో లాగి చూసి, "సోమవారం రా" అన్నాడు.

ఆ రోజుతో ఇంగ్లీషు విషయంలో చెవిని నమ్మడం మానేశాను. కొత్త మాట కనబడితే అక్షరాలు రాసుకుని, అర్థం అడిగి తెలుసుకునేదాన్ని.

రెండేళ్లకు ప్యాంట్ల లైనుకు మార్చారు. ఒక పొద్దున కొత్త లేబుళ్ల కట్ట వచ్చింది. నడుము కొలత దగ్గర 'వేస్ట్' అని అచ్చయింది. పలికితే నడుమే, అక్షరాలు మాత్రం మా చెత్తడబ్బా మీద ఉండేవే. కట్ట తీసుకుని మేనేజరు దగ్గరికి పోయాను.

"సార్, ఇది నడుమా, చెత్తా?"

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు.

"అయ్యో! ఎన్ని కుట్టేసినారమ్మా?"

"ఒగటీ కుట్టలేదు సార్. కుట్టొద్దని లైన్లో అందరికీ చెప్పే వచ్చినా."

లేబుళ్లు వెనక్కి పోయాయి. ఇప్పుడు ఏ కొత్త లేబులైనా ముందు నా బల్ల మీదికే వస్తుంది. చదివి సంతకం పెడతాను, ఇంగ్లీషులోనే.