తిప్పి చూసే అక్క

ఇది నేనెవరికీ చెప్పలేదు. లిఫ్టు ఎక్కితే తలుపులు పూర్తిగా మూసుకునేదాకా ఊపిరి బిగబట్టే ఉంటాను.

పంజాగుట్టలోని మా ఆఫీసు లిఫ్టులకు ప్రోగ్రాములు చేస్తుంది. లిఫ్టు ఎప్పుడు కదలాలో, ఎప్పుడు ఆగాలో మేం బొమ్మలా గీస్తాం. దాన్ని మోడల్ అంటాం. అందులోంచి ప్రోగ్రామును కంప్యూటరే తయారుచేస్తుంది. గీసే పద్ధతికి కొత్త వెర్షన్ వస్తే పాత మోడళ్లన్నీ అందులోకి మార్చాలి.

మా సీనియర్ అక్క మార్చి ఊరుకునేది కాదు. కొత్తదాన్ని మళ్లీ పాత వెర్షన్‌లోకి తిప్పి, అసలు మోడల్ పక్కన పెట్టి, పెన్ను మూతతో తెర మీద ఒక్కో గీతా తడిమేది. "అమీర్‌పేట కోచింగ్‌ల గిది చెప్పరు పిల్లా. పోయిందంతా వాపస్ రావాలె," అనేది.

ఒక మధ్యాహ్నం నేను మార్చిన ఎర్రగడ్డ అపార్ట్‌మెంటు మోడల్‌ను అలాగే తిప్పింది. కంప్యూటర్ ఏ తప్పూ చూపలేదు. పెన్ను మూత మాత్రం ఒకచోట ఆగిపోయింది. తలుపు తెరిచి ఉంటే లిఫ్టు కదలకూడదన్న గీత తిరిగి రాలేదు. దాంతో తయారైన ప్రోగ్రామును లిఫ్టులో ఎక్కించడానికి మా మెకానిక్ అప్పటికే అక్కడికి చేరుకున్నాడు.

అక్క ఫోన్ అందుకుంది. "అన్నా, కొత్తది ఎక్కించినవా? ఇంకా లేదా? జర ఆగు, ముట్టుకోకు."

అక్క తిట్టలేదు. "చాయ్ తాగుదం పా," అంది.

ఆమె ఉద్యోగం మానేసిన రోజు లిఫ్టు దాకా సాగనంపాను. మా బిల్డింగు లిఫ్టుకు ఆ వారమే కొత్త ప్రోగ్రాము ఎక్కింది. దాని మోడల్‌ను మార్చిందీ, తిప్పి చూసిందీ నేనొక్కదాన్నే. అక్క లోపలికి వెళ్లి, మూసుకోబోతున్న తలుపును అరచేత్తో ఆపింది.

"నువ్వు మార్చిందే గదా పిల్లా. ఎక్కుతవా, మెట్లు దిగుతవా?"