లండన్‌లో దొర ఇల్లు దొరికిన రోజు

దయ్యాలూ ఆత్మలూ అంటే నేను నవ్వేవాణ్ణి. మా పెద్దలు సముద్రం దాటి తోటపనికి వచ్చి స్థిరపడ్డ బాగన్ దాతుక్ ఊరి బడిలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, రుజువు లేని మాట నాకు మింగుడుపడదు. నాకే జరిగిన సంగతి కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం.

మెర్దేకా వచ్చి మాకు స్వాతంత్ర్యం దక్కడానికి రెండేళ్ల ముందు మాట. నేను టీచర్ ట్రైనింగ్ కోసం ఇంగ్లండ్‌లో ఉన్నాను. ఇక్కడ మా దేశంలో కమ్యూనిస్టుల తిరుగుబాటుని అణచడానికి తెల్లవాళ్లు పెట్టిన ఎమర్జెన్సీ నడుస్తోంది. అడవిలోని కమ్యూనిస్టులకు తిండి అందకూడదని మా కొబ్బరితోట ఇళ్ల చుట్టూ ముళ్లకంచె వేశారు. గుప్పెడు అన్నం బయటికి వెళ్లినా నేరమే.

మా నాన్న ఆ తోటలో గుమస్తా. తాత తిథి నాడు కాకికి ముద్ద పెట్టాలి. మనుషుల సందడికి కాకులు లోపలికి రాలేదట. నాన్న మహా మొండివాడు. కంచె సందులోంచి చెయ్యి దూర్చి ఆకునీ ముద్దనీ అవతల పెట్టాడు. పోలీసులు చూసి పట్టుకెళ్లారు. కాకి కోసం పెట్టానంటే కొత్త మేనేజరు దొర నమ్మలేదు.

అమ్మ ఎవరిచేతో ఉత్తరం రాయించింది. "పాత దొర ఇరవై ఏళ్లు సూసినాడు కదా ఈ తంతు. ఆయన ఒక్క ముక్క రాసిస్తే మీ నాన్నని వదిలేస్తారంట. లండన్‌లో ఉన్నాడట, ఎలాగైనా ఎతుకు నాయనా."

తోట ఆఫీసులో దొరికిన చిరునామా ఒకటి ఉత్తరం అడుగున రాసి ఉంది. నాకు దొరికింది ఒక్క శనివారం. సాయంత్రం రైలుకి కాలేజీకి తిరిగి వెళ్లాలి. లండన్ చూడటం అదే మొదటిసారి. భూగర్భ రైలు గేటు దగ్గర టికెట్ కోసం ఒకాయన చెయ్యి చాపితే, నేను మా తోట కంచె గేటు దగ్గరి అలవాటు కొద్దీ సోదా చేసుకోమని రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాను. వెనక ఉన్నవాళ్లు నవ్వారు. ఆ తర్వాత తప్పు బస్సెక్కాను. అదే పేరున్న వీధి ఊళ్లో ఇంకోటి కూడా ఉందని అది దిగాకే తెలిసింది. చివరికి అసలు ఇల్లు దొరికితే, దొర అక్కణ్ణుంచి మారిపోయాడనీ ఎక్కడికో తెలియదనీ చెప్పి ఇంటావిడ తలుపు వేసేసింది.

మధ్యాహ్నం రెండు దాటింది. బస్టాపులో నిలబడ్డాను. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"ఎక్కడికెల్తావురా?"

తెలుగు! అదీ మా తోట తెలుగు. తిరిగి చూస్తే నల్లకోటు వేసుకున్న ఒక ముసలాయన. ఎడమ భుజం కిందికి జారి ఉంది. దొర పేరు చెప్పాను. "ఇటు రా" అని ముందు నడిచాడు. మూడు మలుపులు తిరిగాం. మీది ఏ ఊరని అడిగితే ఇంకా వేగంగా నడిచాడు. ఒక ఆకుపచ్చ తలుపు చూపించి "ఈ ఇల్లే" అన్నాడు.

తలుపు తీసింది దొరే. నన్ను గుర్తుపట్టి ఆశ్చర్యపోయాడు. ఈ ఇంట్లోకి మొన్ననే వచ్చాను, చిరునామా ఇంకా ఎవరికీ ఇవ్వలేదు, నీకెవరు చెప్పారన్నాడు. ఈయనే అని వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. ఆ వీధి చివరిదాకా సూటిగా ఉంది, పక్క సందు లేదు. తాను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాననీ, నేను ఒక్కణ్ణే వచ్చాననీ దొర అన్నాడు. ఎవరితోనో మాట్లాడుతున్నట్టు మాత్రం కనిపించానట.

దొర అప్పటికప్పుడు ఉత్తరం రాసిచ్చాడు. అది అందాక నాన్నని వదిలేశారు.

చదువు ముగించుకుని ఇంటికి వచ్చాక నాన్నకి అంతా చెప్పాను. భుజం సంగతి దగ్గర ఆయన ఆపమన్నాడు. తాత నేను పుట్టక ముందే పోయాడు, ఫొటో కూడా లేదు. కొబ్బరికాయ పడి ఆయన ఎడమ భుజం జారిపోయిందని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

నాన్న కళ్లు తుడుచుకున్నాడు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు నా మొహంలోకి చూశాడు.

"అది కాదురా, మా అయ్య మన క్లాంగు ఊరి బజార్లోనే దారి తప్పినోడు గదా! లండన్‌లో నీకు దారెలా సూపినాడు?"

పోయేదాకా ఆయన అదే అడిగేవాడు.