ఒక్క బొట్టు కందెన

మొన్న మనవరాలి తలకు ఆముదం రాస్తుంటే, ఆ వాసనకు నా వేళ్లు ఆగిపోయాయి.

అరవైల మొదట్లో, వరంగల్‌లో మా వాడ పిల్లలందరి చేతా వడ్రంగి పని చేసే వడ్ల తాత చిన్న చిన్న కట్టె కార్లు చేయించేవాడు. చెక్క చిత్రిక పట్టడం, చక్రాలు నున్నగా రుద్దడం మా పని. ఎడ్లబండి ఇరుసులకు పూసే కందెన, అంటే ఆముదంలో గడ్డి మసి కలిపింది, మాత్రం ఆయనే పెట్టేవాడు. చక్రానికి ఒక్క బొట్టు.

"ఇంకా జర పెట్టు తాతా!"

"గంతే సాలు బిడ్డా. ఎక్కువైతే దుమ్ము పడ్తది."

మిగిలిందంతా తన మనవడు మల్లేశానికి దాస్తున్నాడని నా అనుమానం. కార్ల పందెం పొద్దున, తాత అటు తిరగగానే కందెన డబ్బాలో వేళ్లు ముంచి నా చక్రాల నిండా పూశాను. నల్లబడ్డ చేతులు గౌను వెనక దాచుకున్నాను.

కోట దారి వాలులో కార్లు వదిలాం. నాది బారెడు దూరం ఉరికి, దుమ్ము కరుచుకుని ఆగిపోయింది. తాత నా వైపే వస్తున్నాడు.

వచ్చి, భుజం మీది తువ్వాలతో చక్రాలు తుడిచి, "మల్ల ఇడువు" అన్నాడు.

అప్పుడే మల్లేశం కారు కిర్రుకిర్రుమంటూ అందరికంటే వెనక దిగింది. ఎత్తి చూశాను. ఇరుసులు పొడిగా ఉన్నాయి. ఒక్క బొట్టు కూడా లేదు.

మిగిలింది మనవడికే పెడతాడని మాలో ఎవరో ఒకరు నాలాగే అనుకుంటారని తాతకు ముందే తెలుసు.